తోడు వచ్చినవారి పేరు

మూసాపేటలో మొగులమ్మకు చెల్లెలు లేదు. ఆ మాటకొస్తే ఏ ఊళ్ళోనూ లేదు. కానీ ఇస్నాపూర్‌లో ఆమె కిరాయికుండే గది చుట్టుపక్కల వాళ్ళందరికీ ఆ చెల్లెలి సంగతి బాగా తెలుసు. పేరు సుగుణ. మొగుడు తాగుతాడు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏ కాలంలోనైనా జలుబే. నెలకోసారి మొగులమ్మ షిఫ్టు మానుకుని, పొద్దున్నే పటాన్‌చెరు దాకా షేర్ ఆటోలో పోయి, అక్కడ 218 బస్సెక్కి పట్నం వెళ్ళేది ఆ చెల్లెలిని చూడటానికేనని అందరూ నమ్మారు. నమ్మకపోవడానికి కారణమూ లేదు. అబద్ధం చెప్పే మనిషి పిల్ల జలుబు గురించి కూడా ఎందుకు చెబుతుంది?

ఇల్లుగలావిడ కౌసల్యమ్మ. ఒకప్పుడు వాళ్ళది బాగా బతికిన కాపు కుటుంబం. భూములు ఫ్యాక్టరీల కిందికి పోయాక మిగిలిన జాగాలో వరసగా ఏడు గదులు వేసి కిరాయిలకిచ్చుకున్నారు. ఊళ్ళో అందరూ ఆమెను పటేలమ్మ అంటారు. మొగులమ్మ పట్నం వెళ్ళే రోజున ఆమె చింతకాయ తొక్కో, సకినాలో డబ్బాలో పెట్టి "సుగుణకియ్యి" అని చేతికిచ్చేది. మొగులమ్మ ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, పెద్దాసుపత్రి వెనక భవనంలో, తన నంబరు పిలిచేదాకా బల్ల మీద కూర్చునేది. నెలకు సరిపడా మాత్రలు తీసుకున్నాక గోడవార నీడ చూసుకుని, తెచ్చుకున్న అన్నంలో ఆ తొక్కు కలుపుకుని తినేది. డబ్బా కడిగి, కొంగుతో తుడిచి, సాయంత్రం తిరిగి ఇచ్చేది.

"శానా బాగున్నదట పటేలమ్మా" అనేది. ఆ ఒక్క మాటా నిజమే.

ఆమె మొగుడు లింగం ట్యాంకర్ డ్రైవర్. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నుంచి బొంబాయి దాకా తోలేవాడు. మొదట జ్వరమన్నారు, తర్వాత టీబీ అన్నారు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరికీ నెత్తురు తీశారు. ఎందుకని మొగులమ్మ అడిగితే "ఊరికే" అన్నారు. కాగితం వచ్చాక డాక్టరు ఆమెతో మాట్లాడలేదు, మరిది నర్సింహతో మాట్లాడాడు. జోగిపేట దగ్గర అత్తవారింటికి తిరిగి వెళ్ళిన మర్నాడు ఆమె కంచం, చెంబు వంటింట్లోంచి బయటికొచ్చి పందిరి గుంజ దగ్గర ఉన్నాయి. లింగానికి ఉన్న హెచ్‌ఐవి తనకూ ఉందని ఆమెకు అలా తెలిసింది. లింగం పోయిన నెలలోపే ఆ ఇంట్లోంచి ఆమె కూడా బయటికొచ్చింది. పిల్లలు నిలవలేదు కనుక పట్టుకెళ్ళడానికి ఒక సంచి తప్ప ఏమీ లేకపోయింది.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు రెండు వేల ఆరు. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె డ్రమ్ములు కడుగుతోంది. వెనక ప్రహరీ దగ్గర, పారే మురికినీళ్ళ పక్కన, మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని ఒక్కతే చేసే పని. ఇంకెవరూ ఆ పని కోరుకోరు. ఆమె కోరుకుంది.

ఖాళీ డ్రమ్ములను షెడ్డు నుంచి ఆమె దగ్గరికి దొర్లించుకొచ్చేవాడు బైధర్. ఒడిశాలో కాంటాబంజి వైపు పల్లె. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మొదట ఇటుక బట్టీకి వచ్చి, అక్కణ్నుంచి ఫ్యాక్టరీలో పడ్డాడు. మూడేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా జరిగిన సంభాషణంతా కలిపినా ఒక పూటకు సరిపోదు. "దీదీ, ఇంకా నాలుగున్నై" అనేవాడు. "అక్కడ పెట్టు" అనేది. అయినా పగలంతా ఆమెతో మాట్లాడే మనిషి అతనొక్కడే.

ఆ ఎండాకాలం అతను చిక్కిపోవడం మొదలుపెట్టాడు. డ్రమ్ము దొర్లించి దానికే ఆనుకుని నిలబడేవాడు. ఒకరోజు నల్లా దగ్గర నీళ్ళు పుక్కిలించబోయి, మంట పుట్టి నోరు తెరిచాడు. నాలుక నిండా పెరుగు పూసినట్టు తెల్లగా ఉంది. మొగులమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అదే తెలుపు ఆమె లింగం నోట్లో చూసింది.

ఆమె డ్రమ్ము వైపు తిరిగి తోమసాగింది. పది రోజులు ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే, నీకెట్ల తెలుసని అడుగుతాడు. దానికి ఆమె దగ్గర సుగుణ లాంటి జవాబు లేదు.

పదకొండో రోజు డ్రమ్ములు ఇంకెవరో తెచ్చారు. కాంట్రాక్టరు బైధర్‌ను రావద్దన్నాడట. సాయంత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో టీ హోటలు వెనక, తన రేకు పెట్టె మీద తనే కూర్చుని కనిపించాడు. గదిలో ఉండే ఎనిమిది మందీ ఒక్కటై, దగ్గే మనిషి వద్దని అతని పెట్టె బయటపెట్టారు.

మొగులమ్మ అతని ఎదురుగా నిలబడింది. అటూ ఇటూ చూసింది.

"సంగారెడ్డి దవాఖానకు పోదాం. మంగళారం. నెత్తురు పరీక్ష చేస్తరు. పైసలడగరు."

"ఏం పరీక్ష దీదీ?"

"పోయినంక చెప్తరు" అంది. వెంటనే ఆమెకు తనకు చెప్పకుండా తీసిన నెత్తురు గుర్తొచ్చింది. అక్కడే బండ మీద కూర్చుంది. "కాదు, నేనే చెప్త. ఇను. ఇన్నంక ఇష్టమైతేనే రా."

చెప్పింది. తన పేరు కలపకుండా, ఎవరి గురించో చెప్పినట్టే చెప్పింది. బైధర్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైంది. అడగలేదు.

సంగారెడ్డి ఆసుపత్రికి జోగిపేట వాళ్ళు కూడా వస్తారని మొగులమ్మ ఎప్పుడూ అటు వెళ్ళేది కాదు. ఆ మంగళవారం కూడా కొంగు ముఖం మీదికి లాక్కుని గేటు బయటే నిలబడింది. లోపల ఒక చివరి గదిలో కమలాకుమారి అనే కౌన్సిలర్ ఉంటుంది. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. వచ్చీరాని హిందీలో బైధర్‌తో గంటసేపు మాట్లాడి, ఒప్పుకున్నాకే నెత్తురు తీయించింది. మధ్యాహ్నానికి ఫలితం చెప్పింది. తనే గేటు దాకా నడిచొచ్చి, అతన్ని ఆటోలో కూర్చోబెట్టి మొగులమ్మ వైపు తిరిగింది.

"మీరేనా తోడు? ఇక్కడ పరీక్ష వరకేనమ్మా. బలం ఎంతుందో లెక్క చూసేదీ, మందులిచ్చేదీ పట్నంలోనే. ఉత్తరం రాసిచ్చిన. ఆలస్యం చేయొద్దు."

మొగులమ్మ తలూపింది.

రెండు రోజుల తర్వాత ఇద్దరూ పట్నం వెళ్ళారు. ఆమె ఏడాదిన్నరగా కూర్చుంటున్న బల్లే, ఆమెకు తెలిసిన కిటికీయే. గుమాస్తా ఉత్తరం చూశాడు, కొత్త ఫారం తీశాడు.

"రేషన్ కార్డుందా?"

"లేదు సార్."

"ఇక్కడ ఉంటున్నట్టు ఇంకేదైనా కాగితం? కిరాయి చిట్టీ అయినా?"

"లేదు."

"తోడెవరొచ్చారు?"

గుమాస్తా చెడ్డవాడు కాదు. విసుక్కోకుండానే వివరించాడు. "ఈ మందు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి. మధ్యలో మానేస్తే తర్వాత పనిచేయదు. అందుకే అడ్రసు కావాలి, బాధ్యత తీసుకునే మనిషి కావాలి. మావాళ్ళు ఇంటికొచ్చి చూసిపోతారు. ఎవరూ లేకపోతే మీ ఒడిశాలోని బరంపురంలో ఇస్తున్నారు, అక్కడికెళ్ళు."

బరంపురం తన ఊరి నుంచి రాత్రంతా ప్రయాణమని బైధర్‌కు తెలుసు. అతను కిటికీ దగ్గర నుంచి వెనక్కి తిరిగి బల్ల వైపు చూశాడు.

ఇంటికొచ్చి చూసిపోతారు. ఆ మాట దగ్గరే మొగులమ్మ ఆగిపోయింది. ఆమె చేరినప్పుడు ఈ నియమం లేదు. కౌసల్యమ్మ వాకిట్లో బ్యాగు వేసుకున్న మనిషి నిలబడి, మొగులమ్మ ఎవరని అడగడం కళ్ళకు కట్టింది. ఏడు గదుల తలుపులూ తెరుచుకోవడం కనబడింది. ఆమె తల వంచుకుని ఒళ్ళోని డబ్బా మూతను గోటితో గీరుతూ కూర్చుంది.

"ఎవరూ రాలేదు సార్. ఒక్కణ్నే" అన్నాడు బైధర్.

తిరుగు ప్రయాణంలో అతను మగవాళ్ళ సీట్లలో, ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నారు. బీరంగూడలో ఒక ఇల్లు కడుతున్నారు. పెట్టె అక్కడే పెట్టుకుని, కాపలా ఉంటానని చెప్పి బైధర్ అప్పటికే చోటు సంపాదించుకున్నాడు. స్టాపు రాగానే లేచాడు. దిగేముందు ఆమె సీటు పక్కన ఒక్క క్షణం ఆగి, "కోపం లేదు దీదీ" అన్నాడు. కోప్పడి ఉంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేదేమో.

వారం గడిచింది. డ్రమ్ములు తెచ్చే కొత్త మనిషి మాట్లాడేవాడు కాదు. పదో రోజు ఆదివారం, మొగులమ్మ కౌసల్యమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. కౌసల్యమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది.

"పటేలమ్మా, నేనీడ కిరాయికి ఉంటున్నట్టు ఒక కాయితం రాసియ్యాలె."

"ఎందుకే, గ్యాసుకా?"

"దవాఖానల అడుగుతున్నరు."

"ఎవలికి బాగలేదు?"

"నాకు. ఇంకొకలికి గూడ."

అక్కడే కింద కూర్చుని చెప్పేసింది. లింగం సంగతి, కంచం సంగతి, నెలనెలా మాత్రల సంగతి. కౌసల్యమ్మ వేళ్ళు బియ్యం మీద ఆగిపోయాయి.

"నా ఇంటికి రాకముందు నుంచే ఉన్నదా?"

"ముందు నుంచే."

"మరి మూసాపేట చెల్లె?"

"లేదు."

"అసలుకే లేదా?"

"లేదు పటేలమ్మా."

కౌసల్యమ్మ చాట పక్కన పెట్టింది. "చిన్నదానికి సలి వెడుతదని నా మనుమరాలి స్వెటరిస్తి గదనే."

"పెట్టెల దాసిపెట్టిన. తెమ్మంటే తెస్త."

"నాకెందుకది?" అంది కౌసల్యమ్మ. లేని పిల్ల కోసం ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జబ్బుకు రాని ఏడుపు దీనికి వచ్చింది. "ఆ పిల్లకు జరమస్తే నేను దేవునికి మొక్కుకున్న మొగులమ్మా. నువ్వు నా ముందట కూసోని ఇన్నవ్."

 ముట్టుకుంటే అంటుకోదని, నీళ్ళ వల్ల రాదని, డాక్టర్లు చెప్పిందంతా మొగులమ్మ చెప్పింది.

"గట్లనే అంటరు. నిజమే కావొచ్చు. కని నాకు భయమైతది, అబద్ధం చెప్ప. ఇంట్ల పసిపిల్లలున్నరు." కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికెళ్ళింది. ఇక రాదనుకుంది మొగులమ్మ. వచ్చింది, మనుమడి నోటుబుక్కులోంచి చింపిన కాగితంతో. రాయడం అంతగా రాదు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. కింద సంతకం పెట్టింది. కాగితాన్ని మొగులమ్మ చేతికివ్వకుండా అరుగు మీద పెట్టింది.

"పొమ్మని అంటలేను" అంది. "గంతే. ఇంకేం అడగకు."

బీరంగూడలో ఆ సగం కట్టిన ఇంటికి మొగులమ్మ వెళ్ళేసరికి బైధర్ సిమెంటు సంచుల మీద పడుకుని ఉన్నాడు. రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది. బస్సులో ఈసారి పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరేమనుకుంటారోనని చూడలేదు.

కిటికీ దగ్గర జోగిపేట అడ్రసున్న తన పాత రేషన్ కార్డు, కౌసల్యమ్మ కాగితం, తన సొంత మందుల కార్డు, మూడూ పెట్టింది. గుమాస్తా కార్డు చూసి, ఆమెను చూసి, ఫారం ముందుకు లాక్కున్నాడు. ఫారంలో తోడు వచ్చినవారి పేరు దగ్గర 'మొగులమ్మ' అని రాశాడు.

"ఏమవుతాడు?"

"తమ్ముడు."

గుమాస్తా కలం ఎత్తాడు. "ఇతనిది ఒడిశా కదమ్మా."

"అవును. తమ్ముడే."

వెనక బల్ల దగ్గర ఫైళ్ళు చూస్తున్న డాక్టరమ్మ తలెత్తకుండానే "రాసుకో అయ్యా, లైను పెరుగుతోంది" అంది. గుమాస్తా రాశాడు.

బలం లెక్క అరవై ఒకటి వచ్చింది. రెండు వందల కంటే తగ్గితేనే ప్రమాదమట. టీబీ కూడా ఉంది. ముందు దాని మందు, కొన్నాళ్ళకు ఈ మందు. మొగులమ్మ పొద్దున్నే జావ కాచి గిన్నెలో పోసుకుని, షిఫ్టుకు ముందు ఎదురు దిక్కు ఆటో ఎక్కి బీరంగూడ వెళ్ళేది. కడుపులో తిప్పి అతను గిన్నె తోసేస్తే మళ్ళీ ముందుకు జరిపేది.

"కక్కినా సరే, అరగంటాగి మళ్ళ తాగాలె. నా సంతకమున్నది ఆడ, ఎరుకేనా?"

"ఎరుకే దీదీ."

"నువ్వు సస్తే నన్నడుగుతరు."

అతను నవ్వడానికి ప్రయత్నించేవాడు. మాత్ర గొంతు దిగేదాకా ఆమె కదిలేది కాదు.

అనుకున్నట్టే ఆసుపత్రి మనిషి ఇస్నాపూర్‌కు వచ్చాడు. అతను ఏమీ బయటపెట్టలేదు, మెల్లగానే మాట్లాడాడు. కానీ గోడకు గోడ ఆనుకున్న గదుల్లో మెల్లగా మాట్లాడిందే ఎక్కువ వినిపిస్తుంది. పది రోజుల్లో నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె నిండేదాకా దూరంగా నిలబడటం మొదలుపెట్టారు. పక్కగది వాళ్ళు, ఆమెనైనా పంపు, మేమైనా పోతామని కౌసల్యమ్మతో అన్నారు. "పోతే పోండ్రి, తాళంచెవి ఇచ్చిపోండ్రి" అంది కౌసల్యమ్మ. ఆ మాట మొగులమ్మ తన గదిలోంచి వింది. కానీ ఆ తర్వాత కౌసల్యమ్మ ఆమె గడప ముందుకు రాలేదు. పట్నం వెళ్ళే రోజున ఏ డబ్బా చేతికివ్వలేదు.

ఆరు నెలలకు బైధర్ ముఖం నిండింది. ఆ కట్టే ఇంట్లోనే ఇటుకలు మోస్తున్నాడు. ఒకరోజు అతనే చెప్పాడు, ఊళ్ళో భార్య ఉందని, ఆమెకింకా ఏమీ చెప్పలేదని.

మొగులమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ఇన్ని దినాలు ఊకున్నవా?"

"ఎట్ల చెప్పాలె దీదీ?"

"నాకు ఎవ్వలు చెప్పలే. నా కంచం బయట వడ్డంక ఎరుకైంది. నీ భార్యకు గట్ల గావద్దు. నువ్వే పోవాలె, నీ నోటితోనే చెప్పాలె. తిట్టినా, కొట్టినా పడాలె. ఎంబడి తీస్కపోయి పరీక్ష చేపియ్యాలె."

పట్నంలో ఫైలు బరంపురానికి మార్చి రాయించుకున్నారు. అతను వెళ్ళే రోజున ఆమె సగం పూట సెలవు పెట్టి బీరంగూడ స్టాపు దాకా వచ్చింది. రేకు పెట్టె బస్సు లోపలికి ఎక్కించాక అతను వంగి ఆమె కాళ్ళకు మొక్కాడు. రోడ్డు మీద, అందరి ముందూ. ఆమెకేం చేయాలో తోచక, "మందుల సంచి పైన పెట్టినవా, పెట్టెలనా?" అని అడిగింది. "పైననే" అన్నాడు. బస్సు కదిలింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా జావ కాచింది. చూసుకుని, రెండు పూటలా అదే తాగింది.

నెలన్నర తర్వాత చౌరస్తాలోని ఫోను దుకాణానికి బైధర్ ఫోను చేసి ఆమెను పిలిపించాడు. భార్యకూ ఉందని తేలిందట. మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు తనే చెప్పులేసుకుని బస్సు ఎన్నింటికని అడిగిందట. ఇప్పుడు ఇద్దరూ కలిసే బరంపురం పోతున్నారు. ఇంకా ఏదో చెబుతుండగానే లైను తెగిపోయింది. మొగులమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కొంచెంసేపు నిలబడింది.

ఆ మరుసటి ఏడాది సంగారెడ్డి ఆసుపత్రిలోనే మందులివ్వడం మొదలైంది. మొగులమ్మ తన కార్డు కూడా అక్కడికే మార్పించుకుంది. కమలాకుమారి ఆమెను గుర్తుపట్టింది.

"ఎవరూ లేనోళ్ళు చాలామంది వస్తున్నరమ్మా. బట్టీల కూలీలు, లారీలోళ్ళు, ఇంట్ల చెప్పుకోలేని ఆడోళ్ళు. తోడు లేదని తిప్పి పంపుతుంటే నాకు అన్నం సయిస్తలేదు. నియమం మార్చమని పైకి రాస్తూనే ఉన్న. అందాక మీరు మంగళవారాలు రాగలరా?"

ఈసారి మొగులమ్మ గేటు బయట ఆగలేదు. మంగళవారాలు వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ ఏడాది పద్నాలుగు మంది ఫారాల్లో ఆమె పేరు ఎక్కింది. కొందరికి అక్కయింది, కొందరికి అత్తయింది. ఇళ్ళకు పోయి మాత్రలు లెక్క చూసింది, కసిరింది, ఇద్దరిని శ్మశానం దాకా సాగనంపింది. మిగిలినవాళ్ళు కోలుకున్నారు.

కోలుకున్నవాళ్ళు బజారులో ఎదురైతే ముఖం తిప్పుకునేవారు. ఆమెను ఎరుగుదుమంటే ఎక్కడ ఎరుగుదురని ఎవరైనా అడుగుతారు. మొగులమ్మ కూడా పలకరించేది కాదు. ఎవరో తెలియనట్టు కూరగాయల మీదికి వంగేది. వాళ్ళు ఒళ్ళు చేసి, నూనె రాసి దువ్వుకుని, భార్యాపిల్లలతో దాటిపోతుంటే ఓరగా చూసుకునేది. ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు.

ఒక సాయంత్రం పటాన్‌చెరులో షేర్ ఆటో ఎక్కితే అప్పటికే లోపల జంగయ్య ఉన్నాడు. లారీ క్లీనరు. ఎనిమిది నెలల కింద నిలబడే ఓపిక లేక, ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని నడిచిన మనిషి. పక్కన భార్య, మధ్యలో నాలుగేళ్ళ కూతురు. జంగయ్య ఆమెను చూసి, వెంటనే చూపు రోడ్డు మీదికి మార్చుకున్నాడు. మొగులమ్మ ఆ పిల్ల పక్కన మిగిలిన జానెడు చోటులో సర్దుకుంది.

ముత్తంగి దాటేసరికి పిల్లకు కునుకు పట్టింది. తల అటూ ఇటూ ఊగి ఊగి, చివరికి మొగులమ్మ భుజం మీద వాలింది. మొగులమ్మ బిగుసుకుపోయింది. పిల్లను ఎప్పుడు లాక్కుంటారోనని చూసింది. తల్లి "అయ్యో, పడుకున్నదా" అంటూ చెయ్యి చాపబోయింది.

"ఉండనీ" అన్నాడు జంగయ్య. రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "నిద్రవోతున్నది. ఏం గాదు."

ఆటో ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగింది. ఇద్దరు దిగారు, ముగ్గురు ఎక్కారు. మొగులమ్మ దిగలేదు. పిల్ల నోట్లోంచి కారిన చొంగకు ఆమె రవిక భుజం తడిసింది. రుద్రారం దాకా అలాగే కూర్చుంది. అక్కడ పిల్ల తలను జాగ్రత్తగా తల్లి ఒళ్ళోకి జరిపి, దిగి, రోడ్డు దాటి, తిరుగు ఆటో కోసం నిలబడింది.